పరుగుకు ముందు గుండెదడ

పరుగు మీద వ్యాసం రాస్తానని నేను చెప్పినప్పుడు మన సావనీరు సంపాదకవర్గం వారు నన్ను ఒకసారి ఎగాదిగా చూశారు. చూడరా మరి! నేను ఇంతవరకు గెలిచిన పందెం ఒక్కటీ లేదు. "గెలిచాక రాయవోయ్, బాగుంటుంది" అన్నారు ఒక లెక్చరర్‌గారు నవ్వుతూ. కాని నాకు ఇప్పుడే రాయాలనిపించింది. గెలిచినవాడు మొదటిరోజు భయాన్ని మరచిపోతాడు. నాకు అది ఇంకా పచ్చిగా ఉంది.

సంక్రాంతి వెళ్ళిన సోమవారం నుంచి నేను మారథాన్‌కు తయారవుతున్నాను. విశాఖపట్నం బీచి రోడ్డు మీద నౌకాదళం వారు ఏటా చలికాలంలో మారథాన్ జరుపుతారు. అక్కడ పరుగెత్తాలని నా కోరిక. ఇది రాసేనాటికి నాకు ఆరో వారం. ఆగకుండా మూడున్నర కిలోమీటర్లు పరుగెత్తగలను. అంతే! కాబట్టి మారథాన్ ఎలా గెలవాలో ఈ వ్యాసంలో దొరకదు. మొదలుపెట్టే ముందు కడుపులో పుట్టే ఆ తిప్పుడు ఎందుకు పుడుతుంది, దాన్ని ఏం చేసుకోవాలి అన్నదే ఇందులోని విషయం.

దూరం సంగతి

మారథాన్ అనగా 42 కిలోమీటర్ల 195 మీటర్లు. అంకె చెబితే బోధపడదు గనుక మన లెక్కలో చెబుతాను. శ్రీకాకుళం నుంచి శ్రీకూర్మం సుమారు 13 కిలోమీటర్లు. పరుగున శ్రీకూర్మం వెళ్ళి, కూర్మనాథుడికి దణ్ణం పెట్టి, పరుగున టౌనుకు తిరిగి వచ్చి, మళ్ళీ పరుగున శ్రీకూర్మం వెళ్ళినా 39 కిలోమీటర్లే అవుతుంది. ఇంకా మూడు మిగిలే ఉంటాయి!

1896లో ఏథెన్స్‌లో మొదటి ఆధునిక ఒలింపిక్స్ జరిగినప్పుడు ఈ పరుగు దూరం సుమారు 40 కిలోమీటర్లు. గెలిచినవాడు స్పిరిడాన్ లూయిస్. అతను నీళ్ళు మోసి అమ్ముకుని బతికే పల్లెటూరి మనిషి. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట దగ్గర మొదలై స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటు ఎదుట ముగిసేలా దారి కొలిచారు. అలా వచ్చినదే ఈ విడ్డూరమైన అంకె. 1921లో దాన్నే ఖాయం చేశారు. ఆడవాళ్ళకు ఒలింపిక్స్‌లో మారథాన్ పెట్టడానికి 1984 దాకా పట్టింది. మన దేశం సంగతికొస్తే, సైన్యంలో పనిచేసిన శివనాథ్ సింగ్ 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాల్లో ఈ దూరం పరుగెత్తాడు. వట్టి కాళ్ళతో పరుగెత్తేవాడని అతనికి పేరు. ఆ రికార్డు నాలుగు దశాబ్దాలకు పైగా చెక్కుచెదరలేదు.

మన ప్రాంతం పేరు చెబితే అందరికీ గుర్తొచ్చేది బలం. 1882లో వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో వ్యాయామం నేర్పిన కోడి రామమూర్తి నాయుడుగారిది ఆ ఘనత. 2000 సంవత్సరం సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లేశ్వరిగారిది ఆ ఘనత. పరుగు కూడా మనకు కొత్తేమీ కాదు. తెల్లవారుజామున ఏ ఊరి రోడ్డు మీద చూసినా ఆర్మీకో, పోలీసుకో సెలక్షన్ కోసం పరుగెత్తే కుర్రాళ్ళు కనిపిస్తారు. అయితే ఆ పరుగు 1600 మీటర్లది. అక్కడే నా కథ మొదలవుతుంది.

నాలుగో చుట్టు

రెండేళ్ళ క్రితం నేనూ ఒక సెలక్షన్‌కు వెళ్ళాను. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు చుట్లు. ముందురోజు రాత్రి కన్ను మూత పడలేదు. తెల్లారి నాలుగుసార్లు దొడ్డికి వెళ్ళాను. నోరు ఎండిపోయింది, చేతులు చల్లబడ్డాయి. విజిల్ వేయగానే ఆ దడలో నా శక్తికి మించి దౌడు తీశాను. మొదటి చుట్టులో అందరికంటే ముందున్నాను. నాలుగో చుట్టులో మోకాళ్ళ మీద పడ్డాను. అప్పటి నుంచి నాలో ఒక మాట నాటుకుపోయింది: "నాకు గుండె ధైర్యం లేదు."

డిగ్రీలో జంతుశాస్త్రం చదివాక తెలిసింది, ఆ మాట అబద్ధమని. ఆ రోజు నాలో జరిగింది పిరికితనం కాదు, శరీర ధర్మం. ఆపద గాని, పెద్ద పని గాని ఎదురవుతోందని మెదడుకు తోచగానే అది అధివృక్క గ్రంథులకు కబురు పంపుతుంది. అవి రెండు చిన్న గ్రంథులు. ఒక్కో మూత్రపిండం నెత్తిన ఒక్కొక్కటి టోపీలా కూర్చుని ఉంటుంది. వాటి నుంచి ఎడ్రినలిన్ రక్తంలోకి దిగుతుంది. గుండె వేగం పెరుగుతుంది. కాలేయంలో దాచిన గ్లూకోజు బయటికొస్తుంది. కడుపుకూ పేగులకూ వెళ్ళే రక్తం తగ్గి కండరాలకు మళ్ళుతుంది. కడుపులో తిప్పుడు అందుకే. లాలాజలం తగ్గుతుంది, అందుకే నోరు ఎండడం. చర్మంలోని రక్తనాళాలు బిగుసుకుంటాయి, అందుకే చేతులు చల్లబడడం. అనగా నేను భయం అనుకున్న ప్రతి గుర్తూ శరీరం పరుగుకు చేసుకుంటున్న ఏర్పాటే! ఉభాల వేళ ఇంట్లో అందరూ హడావిడిగా తిరుగుతారు. దాన్ని చూసి ఈ ఇంట్లో ఏదో కీడు జరిగిందనుకుంటే ఎలా?

2014లో అమెరికాలోని హార్వర్డ్‌లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ అనే ఆవిడ ఒక పరిశోధన ప్రచురించింది. పాట పాడవలసినవాళ్ళనూ, ఉపన్యాసం ఇవ్వవలసినవాళ్ళనూ, లెక్కల పరీక్ష రాయవలసినవాళ్ళనూ తీసుకుంది. కొందరి చేత "నేను నిమ్మళంగా ఉన్నాను" అనిపించింది, కొందరి చేత "నాకు ఉషారుగా ఉంది" అనిపించింది. రెండోవాళ్ళే మెరుగ్గా చేశారు. కొట్టుకుంటున్న గుండెను ఆగమంటే ఆగదు. దాని పేరు మార్చవచ్చు. అంచేత పరుగుకు ముందు "భయం లేదు, భయం లేదు" అని జపం చెయ్యడం నేను మానేశాను. "ఒళ్ళు సిద్ధమైంది" అనుకుంటాను. చిత్రమేమిటంటే, దడ తగ్గదు కాని దాని మీద కోపం తగ్గుతుంది.

అసలు భయం

ఇంతవరకు చెప్పింది పుస్తకంలో దొరికే సంగతి. నా అసలు భయం వేరు.

మాది ఉద్దానం. కవిటి వైపు పల్లె. మాకు కొద్దిపాటి కొబ్బరితోట, జీడితోట, కొంచెం వరి ఉన్నాయి. ఉద్యానం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. ఆ పచ్చదనం చూసినవాళ్ళకు ఆ పేరు నిజమనే అనిపిస్తుంది. కాని ఆ చెట్ల నీడలో మూత్రపిండాల జబ్బు రెండు మూడు దశాబ్దాలుగా ఇల్లిల్లూ తిరుగుతోంది. మా తాత దానితోనే పోయాడు. షుగరు లేదు, బీపీ లేదు, కాళ్ళు వాచేదాకా ఏ బాధా లేదు. నాకప్పుడు పదకొండేళ్ళు.

ఈ జబ్బుకు ఇదీ కారణమని శాస్త్రం ఇంకా ఒక్కటి తేల్చి చెప్పలేదు. శ్రీలంకలో వరి రైతులకూ, మధ్య అమెరికాలో చెరకు కొట్టే కూలీలకూ ఇలాంటి జబ్బే వస్తోంది. అందరూ వేడి ప్రాంతాల్లో ఎండలో ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళే. ఎండలో పదే పదే ఒంట్లో నీరు ఇంకిపోవడం ఒక కారణం కావచ్చునన్నది శాస్త్రజ్ఞులు పరిశీలిస్తున్న అనుమానాల్లో ఒకటి. తాగే నీరు, పురుగుమందులు, వంశం, నొప్పి మాత్రలు మిగతావి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి.

పండక్కి ఇంటికి వెళ్ళి పరుగు సంగతి చెప్పాను. "పొద్దల్లా పొలంలో తిరిగే జాతి మనది, మళ్ళీ పరుగేటిరా?" అని నాన్న నవ్వేశాడు. అమ్మ నవ్వలేదు. "ఒంట్లో నీరంతా సెమటైపోతే కిడ్నీలేటవుతాయిరా? మీ తాతని చూసేవు కాదా?" అంది. జవాబు చెప్పలేకపోయాను. జంతుశాస్త్రం విద్యార్థిని గదా, అమ్మ అడిగిన ప్రశ్న సరైనదేనని నాకు తెలుసు.

గట్టిగా పరుగెత్తేటప్పుడు రక్తం కండరాలకూ చర్మానికీ మళ్ళుతుంది, మూత్రపిండాలకు తగ్గుతుంది. ఆరోగ్యవంతుడికి విశ్రాంతి తీసుకోగానే అది సర్దుకుంటుంది. ముందే దెబ్బతిన్నవాడి మాట అలా కాదు. కనుక మా అమ్మకు ఇవ్వవలసిన జవాబు మాటల్లో లేదు, పరీక్షలో ఉంది. డాక్టరుగారి దగ్గరకు వెళ్ళాను. బీపీ చూశారు. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీను పరీక్ష రాశారు. ముందురోజు పరుగెత్తవద్దు, మాంసం తినవద్దు అన్నారు. ఎందుకంటే ఆ రెండూ క్రియాటినిన్‌ను కాస్త పెంచి చూపిస్తాయట.

రిపోర్టు మర్నాడు ఇస్తామన్నారు. ఆ రాత్రి పడిన దడ ముందు సెలక్షన్ నాటి దడ ఏపాటిది! ఎడ్రినలిన్ అదే, గుండె అదే. కాని ఈసారి పరుగెత్తడానికి ట్రాక్ లేదు. మర్నాడు కాగితం తెచ్చుకున్నాను. క్రియాటినిన్ 0.9. మూత్రంలో ప్రోటీను లేదు. డాక్టరుగారు "పరుగెత్తు, కాని ఏడాదికోసారి వచ్చి చూపించుకో" అన్నారు. ఆ మాట అమ్మకు ఫోనులో చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "సరే, నీళ్ళు తాగు" అంది.

మిత్రులారా, మారథాన్ తయారీలో మొదటి మెట్టు బూట్లు కొనడం కాదని నేను అనేది ఇందుకే. మనలో ఉద్దానం వాళ్ళున్నారు, ఇళ్ళలో గుండెజబ్బులున్నవాళ్ళున్నారు, ఉబ్బసం ఉన్నవాళ్ళున్నారు. కొన్ని భయాలు మెదడు చేసే హడావిడి. కొన్ని భయాలు న్యాయమైన ప్రశ్నలు. మొదటివాటికి ధైర్యం చాలు. రెండోవాటికి పరీక్ష కావాలి. ఈ రెంటినీ కలిపి చూస్తే నిష్కారణంగా ఆగిపోతాం, లేదా గుడ్డిగా దూకుతాం.

ఒంట్లో పంటలు

మొదటి వారాల్లో ఆదుర్దా చేసే చెడ్డపని ఒకటుంది. "42 కిలోమీటర్లు! ఇంకా ఎంతో ఉంది!" అని తొందరపెట్టి రోజూ దౌడు తీయిస్తుంది. ఇక్కడ రైతుబిడ్డ బుద్ధి పనికొస్తుంది. ఒకే పొలంలో వేసినా ఆకుకూర ఒక నెలలో వస్తుంది, వరికి నాలుగు నెలలు పడుతుంది, కొబ్బరికి ఏళ్ళు పడుతుంది. ఒళ్ళు కూడా అంతే.

రక్తంలో నీటి భాగం ఒకటి రెండు వారాల్లోనే పెరుగుతుంది. అందుకే రెండోవారం నుంచి ఆయాసం కాస్త తగ్గినట్టు ఉంటుంది. కండరాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా కొన్ని వారాల్లో పెరుగుతుంది. కాని కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువులకు రక్తప్రసారం తక్కువ. అవి నెలల మీద గాని గట్టిపడవు. ఎముక సంగతి మరీ విచిత్రం. కొత్త బరువు పడ్డప్పుడు అది ముందు తనలోని పాత భాగాన్ని తొలిచేసి, తర్వాత కొత్తది కట్టుకుంటుంది. ఒక్కో చోట ఈ పనికి మూడు నాలుగు నెలలు పట్టవచ్చు. తొలిచినప్పటికీ కట్టినప్పటికీ మధ్యకాలంలో అక్కడ ఎముక కాస్త బలహీనంగా ఉంటుంది. ఊపిరి "ఇంకా పరుగెత్తగలను" అంటున్నప్పుడు పిక్క ముందు ఎముక "ఆగు" అనడానికి కారణం ఇదే. కొత్తవాళ్ళలో ఎక్కువమంది చెడేది ఇక్కడే.

అందుచేత నేను వారానికి మూడు రోజులే పరుగెత్తుతున్నాను. మొదటి వారం ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, మొత్తం అరగంట. నాలుగో వారానికి ఐదు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. ఆరో వారంలో ఆగకుండా 25 నిమిషాలు. వేగానికి నేను పెట్టుకున్న కొలత ఒక్కటే. పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. మాట తెగిపోతుంటే వేగం ఎక్కువైనట్టు. మొదటిరోజు నా నడకా పరుగూ చూసి టీకొట్టు దగ్గర ఒక ముసలాయన "ఏటి బాబూ, బస్సు తప్పిపోనాదేటి?" అని అడిగాడు. నాకు సిగ్గేసింది. కాని తాబేలు రూపంలో దేవుడు వెలసిన జిల్లాలో నెమ్మదిగా పోయేవాడికి సిగ్గెందుకు?

తిండి, నీళ్ళు, మాత్రలు

తిండి విషయంలో ఒక లెక్క చూడండి. సమతల నేల మీద పరుగెత్తితే కిలో బరువుకు, కిలోమీటరుకు సుమారు ఒక కిలోకేలరీ ఖర్చవుతుంది. 60 కిలోల మనిషికి మొత్తం మారథాన్‌కు 2500 దాకా కావాలి. కండరాల్లోనూ కాలేయంలోనూ గ్లైకోజన్ రూపంలో దాచుకునేది సుమారు 500 గ్రాములు, అనగా 2000 కిలోకేలరీలు. ఆ గాదె ఖాళీ అయ్యేసరికి చాలామందికి 30 కిలోమీటర్లు దాటుతుంది. ఆపైన కాళ్ళు సీసంలా బరువెక్కుతాయి. కొవ్వు ఎంతో ఉంటుంది గాని, అది కొండమీది కట్టెల మోపు లాంటిది, దింపుకోవడానికి ఆలస్యమవుతుంది. నెమ్మదైన పరుగు ఆ మోపు దింపే అలవాటు నేర్పుతుంది. ఇదంతా ముందు ముందు పనికొచ్చేది. మూడున్నర కిలోమీటర్లవాడికి ప్రత్యేకమైన తిండి ఏమీ అక్కరలేదు. నేను హాస్టలు అన్నమే తింటున్నాను. ఇంటికి వెళితే అమ్మ చోడి అంబలి ఇస్తుంది. పరుగు అయ్యాక తాగితే దానికి మించింది లేదు.

నీళ్ళ దగ్గర రెండు తప్పులున్నాయి. తక్కువ తాగడం ఒకటి. మన సముద్రతీరపు గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరదు, కారిపోతుంది. చెమట ఆవిరైతేనే ఒళ్ళు చల్లబడుతుంది, కారితే నీరు నష్టం తప్ప లాభం లేదు. అందుకే తెల్లవారకముందే పరుగెత్తాలి. ఎండలు ముదిరే చైత్ర వైశాఖాల్లో దూరం తగ్గించి, ఒంటికి వేడి అలవాటు కావడానికి పది పద్నాలుగు రోజులు గడువివ్వాలి. రెండో తప్పు అతిగా తాగడం. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మందికి రక్తపరీక్ష చేస్తే 13 శాతం మందిలో సోడియం ఉండవలసినదానికంటే తక్కువ ఉంది. చాలాసేపు పరుగెత్తుతూ అదేపనిగా నీళ్ళు తాగడమే అందుకు ముఖ్యకారణం. దాహాన్ని బట్టి తాగడం మంచిది. నేను పరుగుకు ముందూ తర్వాతా కాటా మీద నిలబడతాను. ఒక కిలో తగ్గితే సుమారు ఒక లీటరు నీరు పోయినట్టు. దాన్ని మెల్లగా, తిండితోపాటు పూడ్చుకుంటాను.

ఇక ముఖ్యమైన మాట. గ్రౌండులో నాతో పరుగెత్తే మిత్రుడొకడు, కాలు నొప్పి తెలియకూడదని పరుగుకు ముందే మాత్ర వేసుకునేవాడు. "ఏటవుతాదిరా, అందరూ ఏసుకుంటారు" అన్నాడు. ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటి మాత్రలు నొప్పిని కలిగించే ప్రోస్టాగ్లాండిన్లు తయారుకాకుండా ఆపుతాయి. కాని ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాల రక్తనాళాలు మూసుకుపోకుండా తెరిచి ఉంచేవి కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్లే. పరుగు వల్ల అక్కడికి వెళ్ళే రక్తం ఒకపక్క తగ్గుతుంటే, రెండోపక్క మాత్ర ఆ తలుపు గడియ వేస్తుంది. వాడిదీ మా వైపే. నేను మా తాత సంగతి చెప్పాను. వాళ్ళ పెదనాన్న సంగతి వాడు చెప్పాడు. ఆ మర్నాడు వాడు మాత్ర వేసుకోలేదు, పరుగూ తియ్యలేదు, నడిచాడు. నొప్పి ఉంటే నడవడం, తగ్గకపోతే డాక్టరుకు చూపించడం, అంతే గాని నొప్పి నోరు నొక్కి పరుగెత్తకూడదు. ఈ వ్యాసంలో మిగతాదంతా మరచిపోయినా ఈ ఒక్కటి గుర్తుంచుకోండి.

చివరి మాట

బూట్ల గురించి అడుగుతున్నారు. కాలికి పట్టి, బొటనవేలి ముందు కాస్త ఖాళీ ఉంటే చాలు, ఖరీదుతో పని లేదు. హైవే మీదకు పోవద్దు. చిన్న రోడ్డు మీదైతే ఎదురొచ్చే బండి కనిపించేలా కుడిపక్కన పరుగెత్తండి. ఒంటరిగా వెళ్ళడానికి ఇబ్బందిపడే ఆడపిల్లలు నలుగురైదుగురు కలిసి కాలేజీ గ్రౌండుకు రావచ్చు. ఇప్పటికే ముగ్గురు వస్తున్నారు. వాళ్ళలో ఇద్దరు నాకంటే ముందుంటారు.

ఈ డిసెంబరుకి నేను 42 కిలోమీటర్లు చెయ్యగలనా? లెక్క వేసి చూస్తే ఈ ఏడు సగం దూరమే, అనగా 21 కిలోమీటర్లే న్యాయం. మొత్తం దూరం ఆపై ఏడాదికి. ఎముకకు గడువిస్తానని పైన నేనే రాశాను గదా!

నిన్న పొద్దున్న కూడా గ్రౌండుకు వెళ్ళేముందు కడుపులో తిప్పింది. మూడున్నర కిలోమీటర్లకే! పరుగు అయ్యాక అమ్మకు ఫోను చేశాను. ఎంత దూరం పరుగెత్తానని ఆమె ఎప్పుడూ అడగదు. "నీళ్ళు తాగేవా?" అంది. తాగానన్నాను.

తెల్లవారుజామున ఐదింటికి గ్రౌండు గేటు దగ్గర ఉంటాం. గుండె దడదడలాడుతున్నా సరే, రండి.